ముఖం చూసి పని తెలుసుకున్న పదేళ్ళు: హజ్రత్ అనస్ బిన్ మాలిక్ (రజి)

పనిచేసే చోట అన్ని విషయాలూ నోటితో చెప్పరు. యజమాని గొంతు కాస్త మారుతుంది. తోటి పనివాడు రోజూ కూర్చునే చోట కాకుండా దూరంగా వెళ్లి కూర్చుంటాడు. కౌంటరు దగ్గరకు వచ్చిన మనిషి చేతిలో చీటీ పట్టుకుని, అడగాలో వద్దో తేల్చుకోలేక వెనక్కి తిరిగి చూస్తాడు. వీటిని గమనించినవాడి పని సాఫీగా సాగుతుంది. గమనించనివాడు తాను చేసిన పొరపాటేమిటో తెలియకుండానే పదిమందికీ దూరమవుతాడు.

ఉద్యోగాల్లో కొత్తగా చేరిన మన పిల్లలు మా దగ్గర తరచూ చెప్పుకునే బాధ కూడా ఇదే. పని వచ్చుగాని, పైవాళ్ళ మనసులో ఏముందో తెలియడం లేదంటారు. వ్యక్తిత్వ వికాసం పేరుతో వచ్చే పుస్తకాలు కొని చదువుతుంటారు. చదవడం తప్పని మేము అనము. అయితే మన హదీసు గ్రంథాల్లో ఒక పిల్లవాడు ఉన్నాడు. పదేళ్ళ వయసులో ఒక ఇంట పనికి కుదిరి, పదేళ్ళు సేవ చేసి, అక్కడ కళ్ళారా చూసినదంతా తర్వాతి తరాలకు అందించి వెళ్ళాడు. ఆయన ఉల్లేఖనాలను ఈ దృష్టితో ఒకసారి చదివి చూడాలని మాకు ఎన్నాళ్ళుగానో ఉంది. ఆయనే దైవప్రవక్త ముహమ్మద్ (స) సేవకుడు హజ్రత్ అనస్ బిన్ మాలిక్ (రజి).

అనస్ (రజి) మదీనాలో ఖజ్రజ్ తెగకు చెందిన బనూ నజ్జార్ వంశీయులు. హిజ్రత్ నాటికి, అంటే క్రీ.శ. 622 నాటికి ఆయనకు పదేళ్ళు. తల్లి ఉమ్మె సులైమ్ (రజి) మదీనాలో ముందుగా ఇస్లాం స్వీకరించిన స్త్రీలలో ఒకరు. అది తండ్రి మాలిక్ బిన్ నజ్ర్‌కు నచ్చలేదు. అలిగి సిరియా దేశానికి వెళ్ళిపోయాడు, అక్కడే మరణించాడు. తర్వాత అబూ తల్హా ఆమెను వివాహమాడదలిచారు. అప్పటికి ఆయన ముస్లిం కాదు. ఆయన ఇస్లాం స్వీకరించడమే తన మహర్ అని ఆమె షరతు పెట్టారు. ఆయన అంగీకరించారు. అలా అబూ తల్హా (రజి) అనస్ (రజి)కు పెంపుడు తండ్రి అయ్యారు.

దైవప్రవక్త (స) మదీనా చేరుకున్నాక తల్లి తన ఓణీలో సగం కుమారుడి నడుముకు చుట్టి, మిగతా సగం భుజాల మీద కప్పి, చేయి పట్టుకుని తీసుకువెళ్ళి సేవకు అప్పగించారని ఒక ఉల్లేఖనంలో ఉంది. అబూ తల్హా (రజి) తీసుకువెళ్ళి, పిల్లవాడు తెలివైనవాడని చెప్పి అప్పగించారని మరొక ఉల్లేఖనంలో ఉంది. ఎవరు తీసుకువెళ్ళినా పిల్లవాడి పరిస్థితి ఒక్కటే. కన్నతండ్రి లేడు. ఇల్లు కొత్తది. ఆ ఇంటికి రాని మనిషి లేడు. వజూ నీళ్ళు మోయాలి, కబుర్లు అందించాలి, అతిథులను పిలుచుకురావాలి. ఏది ఎప్పుడు చేయాలో అడుగడుగునా అడిగి తెలుసుకునే వీలుండదు. పనికి కుదిరిన పిల్లలెవరికైనా మొదటి నెలల్లో ఉండే బెరుకు ఎలాంటిదో చిన్నతనంలో పనిచేసిన మన పాఠకులకు మేము చెప్పనవసరం లేదు.

ఆ బెరుకు ఎలా పోయిందో అనస్ (రజి) స్వయంగా వివరించారు. పదేళ్ళ సేవలో దైవప్రవక్త (స) తనను ఒక్కసారి కూడా విసుక్కోలేదని, చేసిన పనిని ఎందుకు చేశావనిగాని, చేయని పనిని ఎందుకు చేయలేదనిగాని నిలదీయలేదని ఆయన సాక్ష్యమిచ్చారు. ఇంట్లోవాళ్ళెవరైనా మందలించబోతే వదిలేయమనేవారట.

ఈ హదీసు విని కొందరు అనస్ (రజి) ఏ పొరపాటూ చేయని పిల్లవాడని అనుకుంటారు. అది సరికాదు. ఆయనే చెప్పిన మరో సంఘటన చూడండి. ఒకరోజు దైవప్రవక్త (స) ఆయనను ఒక పని మీద వెళ్ళమన్నారు. పిల్లవాడు వెళ్ళనని పైకి ఒట్టు పెట్టి మరీ చెప్పేశాడు. మనసులో మాత్రం వెళ్ళాలనే ఉంది. బయలుదేరి బజారు దాకా వచ్చాడు. అక్కడ పిల్లలు ఆడుకుంటుంటే చూస్తూ ఆగిపోయాడు. ఇంతలో వెనుక నుంచి ఎవరో మెడ పట్టుకున్నారు. తిరిగి చూస్తే దైవప్రవక్త (స). ముఖంలో కోపం లేదు, నవ్వుతున్నారు. ముద్దుగా ఉనైస్ అని పిలిచి చెప్పిన చోటికి వెళ్ళమన్నారు. పిల్లవాడు వెళుతున్నానని చెప్పి పరుగెత్తాడు.

మాట పైకి ఒకటి, లోపల ఉన్నది మరొకటి. పిల్లలు ఇలా అంటూనే ఉంటారు. పెద్దవాళ్ళు కూడా అంటారు. మాటను పట్టుకుంటే అక్కడ ధిక్కారం కనబడుతుంది, శిక్ష వేయబుద్ధవుతుంది. మనిషిని చూస్తే ఆటకు మనసు లాగిన పసివాడు కనబడతాడు. యజమాని స్థానంలో ఉన్నవారు సేవకుడి మాటను గాక మనిషిని చూశారు. ఆ ఇంట ఎదుటివారి మనసు తెలుసుకోవడం సేవకుడి పని మాత్రమే కాదు. ముందుగా అది పెద్దవారి పని. ఈనాడు మన దుకాణాల్లోనూ ఆఫీసుల్లోనూ ఇది తలకిందులుగా ఉంది. యజమాని మూడ్ కనిపెట్టాల్సింది పనివాళ్ళే, పనివాళ్ళ ముఖం చూడాల్సిన అవసరం యజమానికి లేదు అన్నట్టుగా నడుస్తోంది.

తనను అలా చూసిన వారిని ఆ పిల్లవాడూ అంతే శ్రద్ధగా చూడటం నేర్చుకున్నాడు. ఒక దర్జీ దైవప్రవక్త (స)ను భోజనానికి పిలిచాడు. అనస్ (రజి) వెంట వెళ్ళారు. బార్లీ రొట్టె, ఎండు మాంసం ముక్కలూ సొరకాయా వేసి వండిన పులుసు వడ్డించి, దర్జీ తన పని చూసుకోవడానికి వెళ్ళిపోయాడు. దైవప్రవక్త (స) పళ్ళెంలో అటూ ఇటూ ఉన్న సొరకాయ ముక్కలను వెతికి తీసుకోవడం అనస్ (రజి) గమనించారు. తనకు అది ఇష్టమని ఆయన (స) చెప్పలేదు. ఇంకొంచెం వేయమని అడగలేదు. ఇది చూసి పిల్లవాడు సొరకాయ ముక్కలన్నీ ఏరి ఆయన ముందుకు జరపసాగాడు. ఆ రోజు నుంచి తనకూ సొరకాయ అంటే ఇష్టం కలిగిందని, తర్వాత తన ఇంట వండిన కూరలో సొరకాయ కలపడానికి వీలుంటే కలపకుండా ఉండలేదని అనస్ (రజి) చెప్పుకునేవారు. హైదరాబాదు ఇళ్ళల్లో సొరకాయను కద్దు అంటారు కదా, ఆ కద్దు వండిన రోజు పెద్దవాళ్ళు పిల్లలకు చెప్పే హదీసు ఇదే.

చూసి తెలుసుకునే అలవాటు అనస్ (రజి)కు పెంపుడు తండ్రి దగ్గర కూడా అబ్బి ఉంటుందని మాకనిపిస్తుంది. ఒకసారి అబూ తల్హా (రజి) మస్జిద్ నుంచి ఇంటికి వచ్చి, దైవప్రవక్త (స) గొంతు నీరసంగా వినబడిందని, అందులో ఆకలి ఉన్నట్టు తనకు తెలిసిందని భార్యకు చెప్పి, తినడానికి ఏమైనా ఉందేమో అడిగారు. మాట్లాడిన విషయం ఏదో మనకు తెలియదు. అది ఆకలి గురించి మాత్రం కాదు. గొంతులోని మార్పును బట్టే ఆయన గ్రహించారు. ఉమ్మె సులైమ్ (రజి) కొన్ని బార్లీ రొట్టెలను తన ఓణీ కొంగులో చుట్టి, అనస్ (రజి) బట్టల చాటున పెట్టి పంపారు.

పిల్లవాడు మస్జిద్‌కు వెళ్ళేసరికి దైవప్రవక్త (స) చుట్టూ చాలామంది ఉన్నారు. చంకలో ఉన్న నాలుగు రొట్టెల సంగతి అంతమందిలో ఎలా చెప్పాలి? వెళ్ళి ఊరక నిలబడ్డాడు. దైవప్రవక్త (స) అతని వైపు చూసి, అబూ తల్హా పంపారా, భోజనం నిమిత్తమేనా అని తామే విచారించారు. పిల్లవాడు అవునన్నాడు. అంతే, అక్కడున్న వారందరినీ లేవమని చెప్పి తమతో బయలుదేరదీశారు. తర్వాత జరిగినది మన పిల్లలకు కూడా తెలుసు. ఆ కాసిని రొట్టెలను తుంచి, నెయ్యి తిత్తి పిండి కలిపి, దుఆ చేసి, పదిమంది చొప్పున లోపలికి పిలిచారు. డెబ్బై ఎనభై మంది కడుపునిండా తిన్నారు. ఈ అద్భుతాన్ని చెప్పుకునేటప్పుడు అది ఎక్కడ మొదలైందో మనం మరచిపోతుంటాము. ఒక మనిషి మరో మనిషి గొంతును శ్రద్ధగా విన్నచోట అది మొదలైంది.

ఇక అసలు సంఘటనకు వస్తాము. హిజ్రీ 5వ సంవత్సరంలో దైవప్రవక్త (స) హజ్రత్ జైనబ్ బిన్తె జహష్ (రజి)ను వివాహమాడారు. అప్పటికి అనస్ (రజి)కు పదిహేనేళ్ళు. వలీమాకు జనాన్ని పిలిచే బాధ్యత ఆయనదే. రొట్టె, మాంసం విందు. ఒక గుంపు వచ్చి తిని వెళ్ళేది, మరో గుంపు వచ్చేది. పిలవడానికి ఇక ఎవరూ మిగల్లేదని అనస్ (రజి) వచ్చి చెప్పేదాకా అలా సాగింది. విందు ముగిసింది. కాని కొందరు కూర్చుని కబుర్లలో పడ్డారు.

అది చిన్న గది. కొత్తగా వచ్చిన వధువు ఆ గదిలోనే ఉన్నారు. దైవప్రవక్త (స) లేవబోతున్నట్టు కదిలారు. ఎవరూ లేవలేదు. అది చూసి నిజంగానే లేచారు. కొందరు అర్థం చేసుకుని లేచి వెళ్ళిపోయారు. ముగ్గురు మిగిలిపోయారు. ఆయన (స) బయటికి వెళ్ళి, ముందు హజ్రత్ ఆయిషా (రజి) గది దగ్గర సలాము చెప్పి, తర్వాత ఒక్కొక్క భార్య గది దగ్గరా ఆగి సలాము చెప్పి, క్షేమ సమాచారాలు మాట్లాడి తిరిగి వచ్చారు. ఆ ముగ్గురూ ఇంకా మాట్లాడుకుంటూనే ఉన్నారు. దైవప్రవక్త (స) చాలా బిడియస్తులు. వారిని వెళ్ళమనలేక మళ్ళీ వెనుదిరిగారు. చివరికి వాళ్ళు లేచి వెళ్ళారని తెలిశాక తిరిగి వచ్చారు. ఒక కాలు గడప లోపల, ఒక కాలు బయట ఉండగానే, వెంట వస్తున్న అనస్ (రజి)కూ తమకూ మధ్య తెర దించేశారు. పరదా ఆయతు అవతరించింది ఈ సందర్భంలోనే.

ఆ రోజు కూర్చున్న ముగ్గురూ చెడ్డవారు కారు. ప్రవక్త (స)ను నొప్పించాలన్న ఉద్దేశం వారికి ఉండదు. విందు బాగుంది, మాట బాగుంది, అంతే. ఆయన (స) లేవబోయారు, లేచారు, బయటికి వెళ్ళారు, తిరిగి వచ్చారు, మళ్ళీ వెళ్ళారు. ఇన్ని సూచనలు కళ్ళముందే జరిగాయి. గది బయట నిలబడిన పదిహేనేళ్ళ కుర్రవాడు ప్రతి అడుగూ గమనించాడు, దశాబ్దాల తర్వాత కూడా వరుస తప్పకుండా చెప్పగలిగాడు. గదిలో ఉన్నవాళ్ళకు ఒక్కటీ కనబడలేదు. పరదా ఆయతు సంగతి తనకే అందరికంటే బాగా తెలుసని, ఉబై బిన్ కాబ్ (రజి) అంతటి ఖుర్ఆన్ పండితులు కూడా దాని గురించి తనను అడిగేవారని అనస్ (రజి) చెప్పేవారు.

ఇప్పుడు సూరె అహ్జాబ్ 53వ ఆయతు తీసి అర్థం చదవండి. పిలవనిదే ప్రవక్త ఇంటికి భోజనానికి వెళ్ళకూడదని, వంట అయ్యేదాకా కాచుకుని కూర్చోకూడదని, తిన్నాక కబుర్లలో పడకుండా వెళ్ళిపోవాలని అందులో ఉంది. ఈ ప్రవర్తన ప్రవక్తకు బాధ కలిగిస్తోందని, ఆయన బిడియంతో చెప్పలేకపోతున్నారని, సత్యం చెప్పడానికి అల్లాహ్ బిడియపడడని కూడా ఉంది. అంటే చెప్పలేక ఊరుకున్న మనిషి తరఫున అల్లాహ్ స్వయంగా మాట్లాడాడు. మౌనంగా బాధ భరించేవారి విషయం అల్లాహ్ దగ్గర ఎంత బరువైనదో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. దుకాణం మూసే వేళకు వచ్చి బేరం సాగదీసేవాళ్ళు, పనివాడు నమాజుకు లేవబోతుంటే ఇంకో పని అంటగట్టేవాళ్ళు, మీటింగు అయిపోయి జనం కాగితాలు సర్దుకుంటున్నా మాట ఆపనివాళ్ళు, బాలింత ఉన్న ఇంట్లో రాత్రి పదింటిదాకా కూర్చునే బంధువులు మా కళ్ళముందు మెదిలారు. నిజం చెప్పాలంటే మేమూ ఒకచోట అలా కూర్చున్నవాళ్ళమే. ఇంటాయన రెండుసార్లు గడియారం చూశారని ఇంటికి వచ్చాక మా ఇంట్లోవాళ్ళు చెబితేగాని మాకు తెలియలేదు.

ఈ ఆయతులో ఇంకో కోణం కూడా ఉంది. సూచన అందనప్పుడు విషయాన్ని స్పష్టంగా చెప్పాల్సిందే. ఎదుటివాళ్ళు ఎన్నటికైనా అర్థం చేసుకుంటారులే అని లోలోపల కుమిలిపోతూ, చివరికి ఒకరోజు పగిలిపోవడం మంచి పద్ధతి కాదు.

అలాగే చూసినదాన్ని బట్టి సొంతంగా కథ అల్లుకోవడమూ మంచిది కాదు. ముఖాలు చదవడం నేర్చినవారికి వచ్చే జబ్బు ఇది. వాడు సలాముకు సరిగా జవాబివ్వలేదు కాబట్టి నామీద పగ ఉంది అనుకుంటారు. మేనేజరు తలుపు మూసుకుంటే నన్ను తీసేస్తారని నిద్ర మానేస్తారు. అనస్ (రజి) ఉల్లేఖనాల్లో దైవప్రవక్త (స) పద్ధతి ఇలా ఉండదు. ఆయన (స) చూసేవారు, తర్వాత అడిగేవారు. అనస్ (రజి) చిన్న తమ్ముడు అబూ ఉమైర్ ఒకరోజు దిగులుగా కనిపించాడు. సంగతేమిటని ఇంట్లోవాళ్ళను అడిగితే, వాడు ఆడుకునే చిన్న పిట్ట చనిపోయిందని చెప్పారు. వెంటనే ఆ పసివాణ్ణి పేరుపెట్టి పలకరించి, ప్రాస కలిసేలా పిట్ట ముచ్చట అడిగారు. హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) మీద పసుపు వన్నె సుగంధపు మరక కనబడితే, అదేమిటని అడిగారు. పెళ్ళి చేసుకున్నానని ఆయన చెప్పగానే దుఆ ఇచ్చి, ఒక మేకతోనైనా వలీమా చేయమన్నారు.

హజ్రత్ సాబిత్ బిన్ ఖైస్ (రజి) సంఘటన మరీ ముఖ్యమైనది. ఆయన అన్సార్ల ఉపన్యాసకులు, పుట్టుకతోనే పెద్ద గొంతు. ప్రవక్త (స) గొంతు కంటే గొంతు పెంచకూడదని, అలా చేస్తే కర్మలు వృథా అవుతాయని సూరె హుజురాత్‌లో ఆయతు వచ్చాక ఆయన సభకు రావడం మానేశారు. ఆయన లేరన్న సంగతి దైవప్రవక్త (స) గమనించారు. అలిగాడనో, విశ్వాసం సడలిందనో అనుకోలేదు. ఒకరు వెళ్ళి చూస్తే ఆయన ఇంట్లో తల వంచుకుని కూర్చున్నారు. తన గొంతే పెద్దది కాబట్టి తాను నరకవాసినని నిశ్చయించుకుని కుమిలిపోతున్నారు. ఆయన స్వర్గవాసి అని దైవప్రవక్త (స) కబురంపారు. అడిగించి ఉండకపోతే ఆ మనిషి ఆ మూలనే కూర్చుని ఏమైపోయేవారో.

రోజూ వచ్చే మనిషి రాకపోవడం కూడా ఒక సూచనే అని చెప్పే మరో హదీసును అనస్ (రజి) మనకు అందించారు. దైవప్రవక్త (స)కు సేవ చేసే ఒక యూదు బాలుడు ఉండేవాడు. వాడు జబ్బుపడితే ఆయన (స) స్వయంగా చూడటానికి వెళ్ళి, తల దగ్గర కూర్చుని, ఇస్లాంకు ఆహ్వానించారు. బాలుడు నోటితో ఏమీ అనలేదు. పక్కనే ఉన్న తండ్రి వైపు చూశాడు. మనసు ఒకవైపు, తండ్రి పట్ల గౌరవం మరోవైపు, రెండూ ఆ చూపులో ఉన్నాయి. తండ్రికి అర్థమైంది. అబుల్ ఖాసిమ్ చెప్పినట్టు వినమని కొడుకుతో అన్నాడు. బాలుడు ఇస్లాం స్వీకరించాడు. దైవప్రవక్త (స) అల్లాహ్‌ను స్తుతిస్తూ బయటికి వచ్చారు. తనలాగే సేవచేసిన మరో పిల్లవాడి చూపును అనస్ (రజి) మరచిపోలేదు. ఇతరులైతే ఆ వివరం వదిలేసి ఉండేవారేమో.

నమాజులో కూడా ఇదే. నమాజును దీర్ఘంగా చేయాలనుకుని మొదలుపెట్టి, వెనుక పసిపాప ఏడుపు వినబడగానే, తల్లి మనసు ఎంత తల్లడిల్లుతుందో తెలుసు కాబట్టి దైవప్రవక్త (స) దాన్ని కుదించేవారని చెప్పింది కూడా అనస్ (రజి)యే.

అయితే సూచన అర్థమైతే చాలు, దానికి లొంగిపోవాలని కాదు. అనస్ (రజి) ఇంట ఒకసారి మేకపాలు పిండి, బావి నీళ్ళు కలిపి దైవప్రవక్త (స)కు ఇచ్చారు. ఆయనకు ఎడమవైపు అబూ బక్ర్ (రజి), కుడివైపు ఒక పల్లెటూరి అరబ్బు ఉన్నారు. మిగిలిన పాలు ఎక్కడ ఆ పల్లెటూరి మనిషికి ఇచ్చేస్తారోనని ఉమర్ (రజి) అబూ బక్ర్ (రజి)కు ఇవ్వమన్నట్టు మాట అందించారు. ఆయన (స) మాత్రం కుడివైపు వారికే హక్కని చెప్పి ఆ సామాన్యుడికే ఇచ్చారు. పెద్దవాళ్ళ మనసు కనిపెట్టి పనిచేయడం ఒకటి, వాళ్ళను మెప్పించడానికి మరొకరి హక్కు తీసివేయడం వేరొకటి. ఆఫీసుల్లో ఈ రెండింటికీ తేడా తెలియక ఎంతమంది పాడైపోతున్నారో లోకానికి తెలుసు.

దగ్గరగా ఉండి అన్నీ చూసే సేవకుడికి రహస్యాలు కూడా తెలుస్తాయి. ఒకరోజు ఆటలో ఉండగా దైవప్రవక్త (స) వచ్చి పిల్లలకు సలాము చెప్పి, అనస్ (రజి)ను ఒక పని మీద పంపారు. ఇంటికి ఆలస్యంగా చేరితే తల్లి కారణం అడిగారు. అది రహస్యమని పిల్లవాడు చెప్పాడు. తల్లి గుచ్చి అడగలేదు సరికదా, ప్రవక్త (స) రహస్యాన్ని ఎవరికీ చెప్పవద్దని హెచ్చరించారు. ముసలితనంలో తన ప్రియ శిష్యుడు సాబిత్ బునానీతో కూడా, ఎవరికైనా చెప్పేదుంటే నీకే చెప్పేవాణ్ణని అన్నారేగాని ఆ విషయం బయటపెట్టలేదు. అదేమిటో ఈనాటికీ ఎవరికీ తెలియదు.

హిజ్రీ 11, క్రీ.శ. 632. సోమవారం ఫజ్ర్ నమాజు. జనం అబూ బక్ర్ (రజి) వెనుక నిలబడి ఉన్నారు. దైవప్రవక్త (స) తమ గది తెర ఎత్తి, బారులు తీరిన జనాన్ని చూసి చిరునవ్వు నవ్వారు. అబూ బక్ర్ (రజి) ఇమామ్ స్థానం ఖాళీ చేద్దామని వెనక్కి జరగబోయారు. ఆనందంతో జనం నమాజు తెంచుకునేంత పనయింది. నమాజు పూర్తిచేయమని చేత్తో సైగ చేసి తెర దించేశారు. అనస్ (రజి) చూసిన చివరి సైగ అది. ఆ రోజే ఆయన (స) పరమపదించారు. ఖననం అయ్యాక హజ్రత్ ఫాతిమా (రజి) అనస్ (రజి)ను చూసి, ప్రవక్త (స) మీద మట్టి పోయడానికి వారందరికీ మనసెలా ఒప్పిందని అడిగారు. ఆ ఉల్లేఖనం అక్కడితో ముగుస్తుంది. అనస్ (రజి) ఇచ్చిన జవాబేదీ అందులో లేదు. తండ్రిని పోగొట్టుకున్న కూతురి ఆ మాటకు జవాబు చెప్పవలసిన ప్రశ్నలా ఆయన వినలేదని మేము అనుకుంటున్నాము.

అప్పటికి ఆయనకు ఇరవయ్యేళ్ళు. అబూ బక్ర్ (రజి) ఖలీఫా అయ్యాక జకాత్ వసూలుకు బహ్రైన్ పంపారు. తర్వాత బస్రాలో స్థిరపడ్డారు. తల్లి కోరిక మీద దైవప్రవక్త (స) చేసిన దుఆ ఫలించి సంపద, సంతానం విస్తారంగా కలిగాయి. ఆయన తోట ఏడాదికి రెండు కాపులు కాసేది. పుత్ర పౌత్రాదులు వందకు చేరారు. 2286 హదీసులు ఆయన ద్వారా మనకు అందాయి. హసన్ బస్రీ, ఖతాదా, సాబిత్ బునానీ వంటి మహనీయులు ఆయన శిష్యులు.

ఇంత నేర్చినవారు కూడా ఒకచోట ఎదుటి మనిషిని చూడలేకపోయారు. ఆ విషయం దాచకుండా హదీసు గ్రంథాల్లోనే ఉంది. ఆయన దగ్గర సీరీన్ అనే బానిస ఉండేవాడు. బాగానే సంపాదించుకున్నాడు. సొమ్ము చెల్లించి విముక్తి పొందేలా ఒప్పందం రాసివ్వమని కోరాడు. అనస్ (రజి) ఒప్పుకోలేదు. సీరీన్ వెళ్ళి ఖలీఫా ఉమర్ (రజి)కు మొరపెట్టుకున్నాడు. రాసివ్వమని ఉమర్ (రజి) చెప్పినా అనస్ (రజి) కాదన్నారు. ఉమర్ (రజి) కొరడాతో ఒకటి తగిలించి, అలాంటి ఒప్పందం రాసివ్వమని చెప్పే సూరె నూర్ ఆయతు చదివి వినిపించారు. అప్పుడు రాసిచ్చారు. తాను చిన్నప్పుడు సేవకుడు, ఇప్పుడు యజమాని. కుర్చీ మారితే చూపు మారడం సహాబీల విషయంలోనే జరిగిందంటే మనబోటివాళ్ళం ఎంత జాగ్రత్తగా ఉండాలి! అయితే ఆయన ఆ దెబ్బను మనసులో పెట్టుకుని సీరీన్ ఇంటిని దూరం చేసుకోలేదు. సీరీన్ కుమారుడు ముహమ్మద్ ఆయన దగ్గరే హదీసు విద్య నేర్చి, ఇబ్నె సీరీన్‌గా ముస్లిం లోకమంతా గౌరవించే పండితుడయ్యారు.

పెద్దయ్యాక కూడా అనస్ (రజి) పిల్లల పక్కనుంచి వెళితే సలాము చెప్పేవారు. దైవప్రవక్త (స) అలాగే చేసేవారని అనేవారు. హిజ్రీ 93వ సంవత్సరంలో బస్రాలో మరణించారు. తనకు గుస్ల్ చేయించి జనాజా నమాజు చేయించాల్సింది ఇబ్నె సీరీనే అని వీలునామా చెప్పి వెళ్ళారు. అప్పుడు ఇబ్నె సీరీన్ తీర్చలేని అప్పు వల్ల చెరసాలలో ఉన్నారు. అధికారుల అనుమతి తీసుకుని ఆయనను బయటికి తెచ్చారు. ఆయన వచ్చి, గుస్ల్ చేయించి, కఫన్ కప్పి, జనాజా నమాజు చేయించి, సొంత ఇంటి గడప కూడా తొక్కకుండా నేరుగా చెరసాలకు తిరిగి వెళ్ళారని చరిత్రకారులు రాశారు.